కవరు మీద సగం బొట్టు

"సంతకం జెయ్య," అన్నాడు ఫయాజ్.

పొద్దున్నుంచీ అతని నోట్లోంచి ఊడిపడిన మాట అదొక్కటే. ఎదురుగా టీపాయ్ మీద క్షమాపణ పత్రం, దాని మీద పెన్ను, పక్కన జంతికల ప్లేటు. మనవాళ్ళు మనిషిని పోలీసులకి అప్పగించేటప్పుడు కూడా ముందు ఏదో ఒకటి తినిపించి గానీ అప్పగించరు. రేపెవరూ "ఆ ఇంట్లో మంచినీళ్ళైనా ఇవ్వలేదు" అనకూడదు కదా.

శివపార్వతి ఒక జంతిక తీసి కొరికింది. మెత్తగా సాగింది.

ఆవిడ కళ్ళు కాస్త చిన్నవయ్యాయి. గ్లాస్గో తెలుగువాళ్ళలో ఈ ఇంటావిడ రాజ్యం జంతికలకి ఒక పేరుంది. ఇక్కడ విరిస్తే పక్కింట్లో వినపడాలి. అలాంటి మనిషి డబ్బా మూత తీసి మర్చిపోయిందంటే, అది ఆసుపత్రిలో ఉన్న మొగుడి మీద బెంగ ఒక్కటే అయ్యుండదు. బెంగపడ్డ ఆడవాళ్ళు ఇంట్లో ఉన్న మూతలన్నీ ఇంకా గట్టిగా బిగిస్తారు. మూతలు మర్చిపోయేది భయపడ్డవాళ్ళు.

శివపార్వతిది ప్రొద్దుటూరు. చాలా ఏళ్ళు గ్లాస్గోలో ఇన్సూరెన్స్ క్లెయిముల పని చేసింది. తడిసిన కార్పెట్టు వాసన చూసి, పైపు పగిలిందో, పగలగొట్టారో చెప్పగలదు. ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్. వచ్చే కేసుల్లో ముప్పాతిక పెళ్ళిసంబంధాలే. అబ్బాయి ఆర్కిటెక్ట్ అంటే ఇళ్ళు కడతాడా, స్లైడ్లు కడతాడా, "హ్యాబిట్స్ ఏం లేవు" అంటే ఏవేవి లేవు, ఇలాంటివి. ఇవాళ మాత్రం ఫోన్ చేసింది ఫయాజ్. "ఆంటీ, నేను జెయ్యనిదానికి నన్ను సారీ రాయమంటుండ్రు," అన్నాడు. ఆవిడ ఇంకేమీ అడగకుండా బూట్లేసుకుంది.

"మేడం, మీరొచ్చారు, సంతోషం," అన్నాడు ఎదురు సోఫాలో విద్యాసాగర్. "కానీ ఇక్కడ ఇన్వెస్టిగేషన్‌కి ఏం మిగల్లేదు. నేను క్లోజ్ చేసేశాను."

విద్యాసాగర్ రాజ్యానికి సొంత తమ్ముడు. అక్కడెక్కడో లండన్ దగ్గర హేస్‌లో హెల్త్ అండ్ సేఫ్టీ కన్సల్టెంటు. ఇంట్లో, సోఫాలో, బ్లేజర్ మీద మెరిసే పచ్చ జాకెట్టు వేసుకుని కూర్చున్నాడు. పక్కన పొడుగు నల్ల గొడుగు ఆనించి ఉంది. మంచులో గొడుగేసుకుని తిరిగే మగాడు గ్లాస్గోలో అతనొక్కడే. తడిస్తే జుట్టుకి వేసిన రంగు ఎవరి బాధ్యత?

"క్లోజ్ చేసినదాన్నే ఒకసారి నాకు చెప్పండి సార్," అంది శివపార్వతి. "మాది రాయలసీమ. మాకు ఏదైనా రెండుసార్లు చెప్తేగానీ ఎక్కదు."

విద్యాసాగర్ గొంతు సవరించుకున్నాడు. స్లైడ్లు లేకపోవడంతో కాస్త ఇబ్బంది పడ్డాడు గానీ చెప్పాడు.

ఈ సందు చివర ఆరిళ్ళూ తెలుగువాళ్ళవే. పక్క సందులో మలయాళీలు మంచు తీయడానికి ఉమ్మడిగా ఒక పార కొన్నారని తెలిసి, మనవాళ్ళు ఉమ్మడిగా ఏకంగా మిషనే కొన్నారు. పెట్రోలుతో నడిచే స్నో బ్లోయరు. ముందు ఇనుప మర గిర్రున తిరిగి మంచుని లోపలికి లాగుతుంది, పైనున్న గొట్టంలోంచి దూరంగా చిమ్ముతుంది. ఏ మోడల్ కొనాలో చెప్పింది విద్యాసాగర్. సందుకి ప్రెసిడెంటు సూర్యప్రకాశరావు, అంటే రాజ్యం భర్త, అంటే విద్యాసాగర్‌కి బావ. బామ్మర్ది ఉండగా బయటివాణ్ణి అడగడం మన ఇళ్ళల్లో నేరం. మిషన్ నడపడం ఫయాజ్ పని. నల్గొండ నుంచి ఎమ్మెస్సీకి వచ్చి, ఎదురింటి రఘు వాళ్ళ చిన్న గదిలో అద్దెకుంటున్నాడు. మంచు తీస్తే ఆదివారం భోజనం రాజ్యం ఇంట్లో.

"గురువారం పొద్దున ఈ అబ్బాయి మిషన్ ఆఫ్ చెయ్యకుండా వదిలేసి వెళ్ళిపోయాడు. ఇంజన్ ఆన్, మర ఆన్. మా బావగారు బయటికొచ్చి, గొట్టంలో మంచు ఇరుక్కుందని చెయ్యి పెట్టారు. కుడిచెయ్యి, మూడు వేళ్ళు. దట్సాల్. నాలుగింటికి పోలీసులు స్టేట్‌మెంట్లకి వస్తున్నారు. ఈలోపు తప్పు ఒప్పుకుంటే, మనవాడే కదా అని మేమే సర్ది చెప్తాం."

"నా తప్పని రాసిచ్చినంక ఏం సర్ది చెప్తరు సార్?" అన్నాడు ఫయాజ్. "యూనివర్సిటీ ఉంచుతదా? వీసా ఉంటదా? మా అబ్బకు ఏమని చెప్పాలె? మనిషి చెయ్యి దీసి వొచ్చిన్నని చెప్పాల్నా?"

"చూశారా మేడం, ఆ టోను? ఇదే యాటిట్యూడ్!"

"టోను సంగతి తర్వాత," అంది శివపార్వతి. "నాయనా ఫయాజ్, నువ్వేం చేసినావో చెప్పు."

"ఎనిమిదిన్నరకల్లా అయిపోయింది ఆంటీ. లివర్ ఇడిచిన, మర ఆగింది. ఇంజన్ బంద్ జేసిన. తాళం పీకి జేబుల ఏసుకున్న. గ్యారేజీల వెట్టి షాపుల డ్యూటీకి వోయిన. బస్సుల్లేవు, నడ్సుకుంటనే వోయిన." జేబులోంచి చిన్న ఎర్ర ప్లాస్టిక్ తాళం తీసి టీపాయ్ మీద పెట్టాడు. "ఇదిగో. అప్పటిసంది నా దగ్గర్నే ఉంది."

"చేతికి దెబ్బ తగిలాక వెనక్కొచ్చి, తాళం పీక్కుని పారిపోయాడు!" విద్యాసాగర్ వేలు చూపించాడు. "ఆ తాళమే సాక్ష్యం."

"సాక్ష్యమే. ఎవరికన్నదే తేలాల," అంది శివపార్వతి. తాళం తీసుకుని తన కోటు జేబులో వేసుకుంది. "ప్రెసిడెంటుగారేమంటారు?"

"మా ఆయనకేం గుర్తులేదటండీ," అంది రాజ్యం వంటింటి గుమ్మంలోంచి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

సూర్యప్రకాశరావు జ్ఞాపకశక్తి గురించి శివపార్వతికి తెలుసు. పదేళ్ళ కిందట ఎవరింటి గృహప్రవేశంలో పులిహోర తగ్గిందో తారీఖుతో సహా చెప్పగల మనిషి. అలాంటివాడికి మొన్న పొద్దున జరిగింది గుర్తులేదంటే, అది మతిమరుపు కాదు, మర్యాద. ఎవరి మీద మర్యాద?

"ఆయన ఫోను ఏదమ్మా?"

రాజ్యం తమ్ముడి వైపు చూసింది. ఒక్క చూపే. "మంచులో పడిపోయిందనుకుంటానండీ."

"సరే. మిషన్‌కి రెండో తాళం ఉంటుంది కదా. అదెక్కడ?"

"దేవుడి దగ్గరుందండీ," అనేసింది రాజ్యం. అనేశాక నాలిక్కరుచుకుంది.

*

మన ఇళ్ళల్లో కొత్త బండి రెండో తాళం దేవుడి దగ్గరే ఉంటుంది. ఎక్కడ పెట్టామో మనం మర్చిపోయినా ఆయన మర్చిపోడని నమ్మకం. రాజ్యం ఇంట్లో దేవుడు మెట్ల కింద, వాక్యూమ్ క్లీనర్ పక్కన ఉన్నాడు. శివపార్వతి బూట్లు విప్పి వంగి చూసింది.

పీట మీద పసుపూ కుంకుమా పల్చగా పరుచుకుని ఉన్నాయి. పటం పాదాల దగ్గర ఒక చోట మాత్రం తెల్లటి పీట కనిపిస్తోంది, శుభ్రంగా, తాళం ఆకారంలో.

"తాళం లేదమ్మా. దాని అచ్చు ఉంది."

"అంటే... శుభ్రం చేసేటప్పుడు తీసుంటాను."

"పీటంతా వదిలేసి తాళమున్నంత మేరే శుభ్రం చేసినావా తల్లీ?"

వెనక నుంచి విద్యాసాగర్ అందుకున్నాడు. "మేడం, ఇది డిటెక్షనా, దైవదర్శనమా? మీరు పెళ్ళిసంబంధాలు చూసుకునే మనిషి. ఇది టెక్నికల్ మ్యాటర్. రిస్క్ అసెస్‌మెంట్ తెలిసినవాళ్ళకి వదిలెయ్యండి."

"పెళ్ళికంటే పెద్ద రిస్కు ఏముంది సార్?" అంది శివపార్వతి బూట్లు వేసుకుంటూ. "సంఘటన జరిగినప్పుడు తమరెక్కడున్నారు?"

"నేనా? హేస్‌లో. టీ తాగుతున్నా. నిన్ననే వచ్చా." అని, అడగకపోయినా, "అల్లం టీ," అని కలిపాడు.

అబద్ధానికి అల్లం వేసేవాళ్ళని ఆవిడ చాలామందిని చూసింది.

*

గ్యారేజీ ఇంటికి ఆనుకుని లేదు. ముందున్న ఖాళీ జాగాకి అవతల పక్క, విడిగా ఉంది. షట్టర్ ఎత్తగానే లోపలున్న ఒకే ఒక్క బల్బు వెలిగింది. రఘు కూడా వచ్చాడు. సాఫ్ట్‌వేరు. ఇద్దరి మధ్య గొడవ జరుగుతుంటే రెండు వైపులా తలూపగల నైపుణ్యం ఉన్నవాడు.

మిషన్ మధ్యలో నిలబడి ఉంది. కొని నాలుగు నెలలైనా హ్యాండిలుకి ఫ్యాక్టరీ ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. మర మీద అంటించిన 'చెయ్యి పెట్టరాదు' బొమ్మ మీద, తెగుతున్న వేళ్ళ మీద సరిగ్గా, గంధం పూసి కుంకం బొట్టు పెట్టారు. అపాయం ఎక్కడుందో కనపడకుండా పోయింది, శుభం మాత్రం బాగా కనపడుతోంది.

"పూజ చేసినారా?"

"గ్రాండ్‌గా," అన్నాడు రఘు. "చక్రాల కింద నిమ్మకాయలు. గుమ్మడికాయ కొట్టాం. హాలోవీన్ అయిపోయిందని సూపర్‌మార్కెట్లో మిగిలిపోయినవి పెట్టారు కదా, అది. దానికి కళ్ళూ నోరూ చెక్కేసి ఉన్నాయి గానీ సర్దుకుపోయాం."

"మాన్యువల్ చదివినారా?"

"భద్రంగా ఉందండీ. కవరు కూడా చింపలేదు."

"ఈ ప్లాస్టిక్ తియ్యమని నేను మొత్తుకున్న ఆంటీ," అన్నాడు ఫయాజ్. "చెయ్యి జారుతది, లివర్ సక్కగ పట్టు దొర్కదని. రావు అంకుల్ ఒప్పుకోలే. కొత్తది పోతదన్నడు."

శివపార్వతి టార్చి వేసి హ్యాండిలు మీదికి వంగింది. కుడిచేతి పక్కన లివరు. దాన్ని హ్యాండిలుకి అదిమి పట్టుకుంటేనే ముందు మర తిరుగుతుంది, వదిలితే ఆగిపోవాలి. అదీ దాని ప్రాణం. మనిషి జారిపడ్డా, దడుచుకున్నా, చెయ్యి వదిలేస్తే చాలు, ఆగాలి. లివరు నుంచి సైకిల్ బ్రేకు వైరు లాంటి కేబులొకటి కిందికి దిగింది. దాన్ని బిగించే నట్టు కవరు లోపలుంది.

హ్యాండిలు పొడుగునా కవరు మీద వరసగా బొట్లు. ఒకటి, ఇంకోటి, ఇంకోటి. నట్టు దగ్గరున్న బొట్టు మీద టార్చి ఆగింది.

సగమే ఉంది.

మిగతా సగం వేలెడు పక్కకి జరిగి, కింద చివర ఉంది. మధ్యలో సన్నటి కోత. కోత మీద నీటుగా టేపు.

"రఘూ, ఇట్లా రాప్పా. పూజలో బొట్టు పెట్టిందెవరు?"

"రాజ్యం గారే."

"ఆమె సగం ఇక్కడా సగం అక్కడా పెట్టలేదు కదా?"

"లేదండీ. చాలా పద్ధతిగా..." అంటూ రఘు వంగి చూసి, రెండు వైపులా ఊపుతున్న తలని ఆపేశాడు.

"పూజ తర్వాత ఎవరో కవరు కోసి, లోపల నట్టు తిప్పి, మళ్ళీ అతికించినారు. బొట్టు రెండు ముక్కలూ కలవలేదు," అంది శివపార్వతి.

"ఎవరో ఏంటి మేడం!" విద్యాసాగర్ గొంతు అర అంగుళం లేచింది. "మిషన్ నడిపేది ఇతనొక్కడే. మెకానికల్ ఎమ్మెస్సీ. ఇతనే గెలికాడు. కేసు ఇంకా స్ట్రాంగ్ అయింది. థాంక్యూ."

"నేను ముట్టలే!"

"ఆగు నాయనా." శివపార్వతి టార్చి ఆర్పింది. "సార్, ఈ అబ్బికి ఈ కవరంటే మంట. వీడే కోసుంటే, మిగతాది కూడా పీకి బిన్నులో పారేసుండేవాడు. కోసినాక కూడా కవరు పాడయిపోతుందే అని మనసు పీకి, టేపు తెచ్చి, అంచులు ఒత్తి, గాలిబుడగల్లేకుండా అతికించినారే, ఆ మనిషికి ఈ మిషన్ సొంతం. ఇంటి మనిషన్నమాట."

రఘు తన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. అతని ఇంట్లో టీవీ రిమోటుకి కూడా కవరుంది.

"ఇదంతా మీ ఊహ," అన్నాడు విద్యాసాగర్. "లివర్ పర్ఫెక్ట్‌గా పనిచేస్తుంది. నేనే చెక్ చేశాను, సర్టిఫై చేశాను."

"ఎప్పుడు?"

"నవంబర్లో! కొన్నప్పుడు!"

"అయితే ఇప్పుడూ చెక్ చేద్దాం రాండి."

*

మిషన్ని ఖాళీ జాగాలోకి తోశారు. మంచు ఆగి ఎండ కాస్తోంది. ఆ ఎండకి కరిగేదేం లేదు, కళ్ళు చికిలించడానికి తప్ప పనికిరాదు. శివపార్వతి గొట్టాన్ని కంచె వైపు తిప్పించింది, అందర్నీ హ్యాండిలు వెనక్కి నిలబెట్టింది. రాజ్యం శాలువా చివర లోపలికి దోపించింది. రఘు మెడలో మఫ్లరు వేలాడుతుంటే పీకి అతని చేతిలో పెట్టింది. ఎదురుగా ఎవరూ లేరని చూసుకుని, జేబులోని ఎర్రతాళం తీసి మిషన్‌కి పెట్టి తిప్పింది.

"స్టార్ట్ చెయ్యండి సార్. లివరు పట్టుకోండి. నేను చెప్పినప్పుడు వదలండి. మర ఆగితే, నేనే ఈ అబ్బి చేత సంతకం పెట్టిస్తా."

"ఆంటీ!" అన్నాడు ఫయాజ్.

"నువ్వుండు."

విద్యాసాగర్ గొడుగు రఘుకిచ్చాడు. తాడు లాగాడు. మూడోసారికి ఇంజన్ అందుకుంది. లివరు నొక్కగానే ముందు మర గిర్రున తిరిగి, కిందున్న మంచుని మింగి కంచె మీదికి ఉమ్మింది.

"వదలండి!"

విద్యాసాగర్ వెనక్కి గెంతాడు. గెంతాక వదిలాడు.

లివరు పైకి లేచింది. మర తిరుగుతూనే ఉంది. మంచు ఎగిరి కంచె మీద పడుతూనే ఉంది. చూస్తున్నవాళ్ళలో ఎవరి నోరూ మూతపడలేదు. శివపార్వతి చెయ్యి చాచి తాళం పీకేసింది. ఇంజన్ దగ్గి ఆగింది.

ఆ నిశ్శబ్దంలో రాజ్యం వెక్కిళ్ళు వినపడ్డాయి.

"చూశారుగా," అన్నాడు విద్యాసాగర్ చెమట తుడుచుకుంటూ. "ఇతను కేబుల్ పాడు చేశాడు. ప్రూవ్ అయింది!"

"ప్రూవ్ అయింది సార్. లివరు వదిలితే ఆగుతుందని నమ్మేవాడు నిలబడి వదుల్తాడు. తమరు ముందు గెంతి, తర్వాత వదిలినారు. ఆగదని తమరికి ముందే తెలుసు."

"అది... సేఫ్టీ ట్రైనింగ్! రిఫ్లెక్స్!"

"గురువారం పొద్దున ఈ అబ్బికి ఆగింది. ఆ తర్వాత ప్రెసిడెంటుగారికి ఆగలేదు. ఆ మధ్యలోనే కవరు కోసినారు. రెండో తాళంతో మళ్ళీ స్టార్ట్ చేసినారు."

"ప్రూఫ్ ఏది?" విద్యాసాగర్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మొహంలో మర్యాద మొత్తం కరిగిపోయింది. "బొట్టా? టేపా? పోలీసులకి కుంకం చూపిస్తారా? నాలుగింటికి నా సర్టిఫికెట్లు ఒకవైపు, మీ నిమ్మకాయలు ఒకవైపు. చూద్దాం ఎవరిది నెగ్గుతుందో. పెళ్ళిళ్ళ పేరమ్మల్ని నేను చాలామందిని చూశా."

"నేనూ చాలామంది తమ్ముళ్ళని చూసినాను," అంది శివపార్వతి. "ఫయాజ్, మిషన్ లోపల పెట్టు. ఎవరొచ్చినా దాన్ని ముట్టనీకు. పోలీసులొచ్చేదాకా అక్కడే ఉండు."

"నేనెక్కడికి వోత ఆంటీ," అన్నాడు ఫయాజ్. "ఇప్పుడు నా వకీలు గదే."

ఎర్రతాళం మళ్ళీ ఆవిడ కోటు జేబులోకి వెళ్ళింది.

*

ఇంట్లోకి వచ్చాక శివపార్వతి రఘుని పక్కకి పిలిచింది.

"అప్పా, మీ ప్రెసిడెంటుకి మంచు పడితే ఏం చేసే అలవాటుంది?"

"ఇంకేం చేస్తారండీ, వీడియో కాల్. కాకినాడలో వాళ్ళన్నయ్య వెంకటసుబ్బయ్య గారికి. పోయినేడాది వడగళ్ళు పడితేనే గంటసేపు చూపించారు. ఆయనకి మంచు కంటే ఆ మంచులో తను నిలబడ్డం ముఖ్యం."

"ఆయన్ని అడిగినారా ఎవరైనా, గురువారం ఏం చూసినారని?"

రఘు గొంతు తగ్గించాడు. "పెద్దాయనకి అసలు చెప్పలేదండీ. బీపీ. తమ్ముడికిలా అయిందంటే తట్టుకోలేడని, ఎవరూ చెప్పొద్దని గ్రూపులో మెసేజ్ పెట్టారు. 'సిగ్నల్ పోయింది, బాగానే ఉన్నాం' అని రాజ్యం గారి ఫోన్లోంచి పంపించారంతే."

శివపార్వతి మొదటిసారి నవ్వింది. అబద్ధాన్ని ఊరంతటికీ నేర్పించి, అసలు సాక్షికి మాత్రం ఆరోగ్యం దృష్ట్యా నేర్పకుండా వదిలేశారు.

నంబరు తీసుకుని మెసేజ్ పెట్టింది. 'అన్నయ్యగారూ నమస్కారం. మీ తమ్ముడుగారి పక్క సందులో ఉంటాం. మొన్నటి మంచు ఫోటోలు చాలా బాగున్నాయట. మాకూ పంపుతారా?'

రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. ముందు ఒక గులాబీ. తర్వాత 'శుభోదయం', అక్కడ రాత్రవుతున్నా. ఆ తర్వాత వీడియో కాల్ నడుస్తుండగా స్క్రీన్ మీద తీసిన ఫోటో, చుట్టూ పూల ఫ్రేముతో. కింద రాశారు: 'మా తమ్ముడు ముట్టుకోకుండానే మిషన్ పనిచేస్తోంది! సైన్సు!! ఇంతలో సిగ్నల్ పోయింది.'

శివపార్వతి ఫోటోని పెద్దది చేసింది.

ఎండలో సూర్యప్రకాశరావు, కొత్త జాకెట్టు, జాకెట్టుకి ఇంకా వేలాడుతున్న ధర చీటీ. పక్కన మిషన్ మంచుని ఫౌంటెన్‌లా చిమ్ముతోంది. మిషన్లో ఎర్రతాళం, దానికి ఫయాజ్ తాళానికి లేని పసుపు దారం. ఆయన రెండు చేతులూ గాల్లోకి ఎత్తి ఊపుతున్నాడు. రెండూ. పది వేళ్ళతో.

"రాజ్యమ్మా, ఇట్లా రా తల్లీ."

రాజ్యం వచ్చి చూసింది. చూసి, కుర్చీ వెతుక్కుని కూలబడింది.

"మీ ఆయన రెండు చేతులూ పైనున్నాయి. లివరు పట్టుకోలేదు. అయినా మర తిరుగుతోంది. చేతులు ఖాళీగా ఉంటేనే కదా ఊపేది? అందుకని ఎవరో తెలిసినవాళ్ళు కేబులు బిగించి ఇచ్చినారు. అది సరే. రెండు చేతులూ ఇక్కడుంటే, ఈ ఫోను పట్టుకున్న చెయ్యి ఎవరిది?"

శివపార్వతి వేలు ఫోటో కిందికి జరిగింది. ఫోను పట్టుకున్నవాడి నీడ మంచు మీద పొడుగ్గా పడింది. సన్నటి కాళ్ళు, బొజ్జ, దానిపైన తల లేదు. తల ఉండాల్సిన చోట గుండ్రంగా, నల్లగా ఒక గొడుగు.

"బుధవారమే వచ్చాడండీ," అంది రాజ్యం. అన్నాక ఇంక ఆగలేదు. "ఆయనే అడిగారు, రెండు చేతులూ ఊపుతానోయ్, చెయ్యి తీస్తే ఇది ఆగిపోతోంది, ఏదో ఒకటి చెయ్యవోయ్ అని. ఒక్క నిమిషం బావా అన్నాడు వాడు. తర్వాత గొట్టం మూసుకుపోయింది. మంచు రావడం ఆగింది కదా, మర కూడా ఆగుంటుందిలే అని ఈయన అలవాటు కొద్దీ చెయ్యి... వాడికి లైసెన్సు పోతుందండీ. ఇద్దరు పిల్లలు. కుర్రాడిదేముంది, సారీ చెప్తే అయిపోతుందన్నాడు."

"ఆ కుర్రాడు కూడా ఒకరి పిల్లోడే కదమ్మా. ఆదివారం ఆదివారం నువ్వే అన్నం పెట్టినావు."

రాజ్యం చెంగుతో మొహం కప్పుకుంది.

"విద్యాసాగర్ ఎక్కడ?" అంది శివపార్వతి.

సోఫా ఖాళీగా ఉంది. గొడుగు లేదు. టీపాయ్ మీద క్షమాపణ పత్రమూ లేదు.

అప్పుడు వినపడింది. గ్యారేజీ వైపు నుంచి, మూసిన గోడల మధ్య గురగురమంటూ, ఇంజన్ చప్పుడు.

శివపార్వతి కోటు జేబులో చెయ్యి పెట్టింది. ఎర్రతాళం అక్కడే ఉంది.

*

షట్టర్ కిందిదాకా దించేసి ఉంది. కింది సందులోంచి పెట్రోలు పొగ నీలంగా పాకుతోంది. మూసిన గదిలో ఇంజన్ నడపకూడదని మాన్యువల్ మొదటి పేజీలోనే ఉంటుంది. ఆ పొగ మనిషిని నిద్రపుచ్చినట్టే పుచ్చి లేవనివ్వదు. కేబులు మళ్ళీ సరిచేసి, సరిగ్గా ఉందో లేదో ఎవరూ చూడకుండా పరీక్షించుకోవాలన్న కంగారులో, సేఫ్టీ కన్సల్టెంటు ఆ ఒక్క పేజీ మర్చిపోయాడు.

రఘు, ఆవిడ కలిసి షట్టర్ లాగారు. లోపల గడియ పడి ఉంది. శివపార్వతి రెండు చేతులతో దాన్ని దబదబా బాదింది.

"ఫయాజ్! బయటికి రా!"

"రాను ఆంటీ!" దగ్గు. "ఈయన నట్టు ఇప్పుతుండు! నేనొస్తే మిషన్ మార్చేస్తడు!"

"మిషన్ పోతే పోనీ, నువ్వు రా!"

"సంతకం జేస్తే గడియ దీస్తా అంటుండు!" మళ్ళీ దగ్గు, ఈసారి పొడుగ్గా. విద్యాసాగర్ గొంతు ఏదో అరిచింది. మర తిరుగుతున్న చప్పుడు హెచ్చింది. ఏదో ఇనుము మీద ఇనుము పడింది.

వదిలితే ఆగని మర. చీకట్లో, పొగలో, దాని చుట్టూ ఇద్దరు మనుషులు. శివపార్వతి షట్టర్‌కి నోరు ఆనించి, ప్రొద్దుటూరు వినపడేలా అరిచింది.

"చేతులు ముందుకి పెట్టొద్దు! వెనక నుంచి పో! తాళం పీకు నాయనా, తాళం!"

ఎంతసేపో తెలీదు. రఘు తర్వాత అరగంట అన్నాడు గానీ అతను ఏ మీటింగునైనా అరగంటే అంటాడు.

ఇంజన్ ఆగిపోయింది.

గడియ కిర్రుమంది. షట్టర్ జానెడు లేచింది. ఆ సందులోంచి పొగ ముందు, పొగ వెనక ఒక చెయ్యి బయటికొచ్చింది. నల్లటి గ్రీజు. శివపార్వతి ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.

ఐదు వేళ్ళూ ఉన్నాయి. వాటి మధ్యలో ఎర్ర ప్లాస్టిక్ తాళం. దానికి పసుపు దారం, దారానికి దేవుడి పీట మీది కుంకం.

"సంతకం మాత్రం జెయ్యలే ఆంటీ," అంది చెయ్యి.

షట్టర్ పూర్తిగా ఎత్తేసరికి ఫయాజ్ మంచులో బోర్లా పడి గాలి మింగుతున్నాడు. వెనకాలే విద్యాసాగర్ గోడ పట్టుకుని వచ్చాడు, కళ్ళమ్మట నీళ్ళు కారుతూ, పచ్చ జాకెట్టు నల్లబడి. ఒక చేతిలో స్పానరు, ఇంకో చేతిలో నలిగిన క్షమాపణ పత్రం. సందు మొదట్లో పోలీసు కారు మలుపు తిరుగుతోంది.

"ఇతనే... ఇతనే లాక్ చేసి..." అన్నాడు విద్యాసాగర్ దగ్గుతూ.

శివపార్వతి అతని చేతిలోంచి కాగితం తీసుకుంది. మోకాలి మీద పెట్టి మడతలు సాపు చేసింది. కోటు జేబులోంచి పెన్ను తీసి, ఫయాజ్ పేరున్న చోట అడ్డంగా ఒక గీత గీసి, పెన్నుతో సహా కాగితాన్ని తిరిగి అతనికే ఇచ్చింది.

"మీ పేరు మీరే రాసుకోండి సార్. స్పెల్లింగు నాకు సరిగ్గా తెలీదు."